గ్రేస్ పేరు ఏ పేజీలో ఉంది?

గణిత శాస్త్రజ్ఞుల జీవితాల గురించి చాలామంది చదివిన పుస్తకం ఇ.టి. బెల్ 1937లో రాసిన ‘మెన్ ఆఫ్ మాథమెటిక్స్’. పేరులోనే ‘పురుషులు’ అని చెప్పేశాడు కాబట్టి మోసమేమీ లేదనుకోవాలి! అందులో సోఫియా కొవలెవ్‌స్కాయాకు చోటు దొరికింది కానీ సొంతంగా కాదు. గురువు వైర్‌స్ట్రాస్‌తో కలిపి, గురుశిష్యులన్న శీర్షిక కింద. 1889లో స్టాక్‌హోంలో ప్రొఫెసర్ అయిన మనిషి ఆ పుస్తకంలో మాత్రం శిష్యురాలిగానే మిగిలింది.

అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టింది కొవలెవ్‌స్కాయా కాదు, గ్రేస్ చిషోమ్ యంగ్. 1868లో ఇంగ్లండులో పుట్టింది. కేంబ్రిడ్జ్‌లోని గర్టన్ కాలేజీలో చదివి గణితంలో మొదటి తరగతి స్థాయి మార్కులు తెచ్చుకుంది. డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. అక్కడ స్త్రీలకు పూర్తి డిగ్రీలు 1948 దాకా లేవు. అందుకని జర్మనీ వెళ్ళి, గ్యోటింగెన్‌లో ఫెలిక్స్ క్లైన్ దగ్గర 1895లో డాక్టరేట్ తీసుకుంది. మరుసటి ఏడాది, గర్టన్‌లో తనకు పాఠం చెప్పిన విలియం హెన్రీ యంగ్‌ని పెళ్లి చేసుకుంది. ఆరుగురు పిల్లలు. ఇద్దరూ కలిసి చేసిన పని రెండు వందల పైచిలుకు వ్యాసాలు. వాటిలో ఎక్కువ భాగం విలియం పేరుతోనే అచ్చయ్యాయి.

ఇది ఎలా జరిగిందో చెప్పే ఉత్తరం ఒకటుంది. పెళ్లయిన కొన్నేళ్లకు విలియం భార్యకు రాసింది. దాన్ని ఒక సాహిత్య విద్యార్థిగా చదివాను. అతను ఏదీ దాచడు. వ్యాసాలు ఇద్దరి పేర్లతో రావడమే న్యాయమని ఒప్పుకుంటాడు. కానీ అలా చేస్తే ఇద్దరికీ లాభం ఉండదు, ప్రస్తుతానికి కీర్తి నాకు రానీ, జ్ఞానం ఇద్దరిదీ అన్న అర్థంలో ముగిస్తాడు. వాక్యాలు ‘మనం’తో మొదలై ‘నేను’ దగ్గర ఆగుతాయి. ఆ మధ్యలో వచ్చే ‘ప్రస్తుతానికి’ అన్న మాటను నేను చాలాసార్లు చదివాను. ఆడవాళ్ల జీవితాల్లో ఈ మాటకు ఎంత ఆయుష్షో మనకు తెలుసు కదా.

విలియంని దుర్మార్గుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అతను చెప్పిన లెక్క నిజమే. ఉద్యోగం దొరికే అవకాశం అతనికే ఉంది. రాయల్ సొసైటీ అతన్ని 1907లో సభ్యుడిగా ఎన్నుకుంది. స్త్రీలను ఎన్నుకోవడం 1945లో గానీ మొదలు కాలేదు. గ్రేస్ ఒప్పుకుంది కూడా. కానీ ఒక్క తలుపే తెరిచి ఉన్న ఇంట్లో, ఆ తలుపులోంచి వెళ్ళడానికి ఒప్పుకున్నావు కదా అంటే ఏం చెప్పాలి?

ఈ దంపతుల కాగితాలను వెలుగులోకి తెచ్చిన చరిత్రకారుడు ఐవర్ గ్రాటన్-గినెస్ 1972 నాటి తన వ్యాసానికి పెట్టిన పేరులో ‘యూనియన్’ అన్న మాట ఉంది. గణిత సంయోగం అనుకోవచ్చు. మంచి వ్యాసమే, ఆయన లేకపోతే ఆ ఉత్తరం మనదాకా వచ్చేది కాదు. కానీ ఆ మాట వినగానే ఎవరెంత చేశారన్న ప్రశ్న అమర్యాదగా తోస్తుంది. దాంపత్యంలో లెక్కలేమిటి అన్నట్టు.

నా పరిశోధన రోజుల్లో ఒక సంకలనం కోసం ఏడు నెలలు పాత పత్రికలు తిరగేసి జాబితాలు తయారు చేశాను. పుస్తకం వచ్చాక ముందుమాటలో ‘సహకరించిన మిత్రులకు’ అని ఉంది. నేను బహువచనంలో ఉన్నాను. అప్పుడు నాకూ ‘ప్రస్తుతానికి’ అనే చెప్పారు.

గ్రేస్ పేరు అసలు లేదని కాదు. బిందు సమితుల మీద 1906లో వచ్చిన పుస్తకం ఇద్దరి పేర్లతోనూ ఉంది. 1913లో విలియం కలకత్తా విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడిగా చేరాడు. కుటుంబం స్విట్జర్లాండులోనే ఉండిపోయింది. ఆ దరిదాపుల్లోనే, 1914 నుంచి, ఆమె సొంత పేరుతో వరసగా వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఒకదానికి 1915లో గర్టన్ కాలేజీ గాంబుల్ బహుమతి ఇచ్చింది. అతను దూరంగా ఉండటానికీ ఈ వ్యాసాలకూ సంబంధం కట్టేయాలని నాకూ అనిపించింది. ఆ తొందరపాటు చెయ్యను. యుద్ధకాలం అది, 1917లో పెద్ద కొడుకు విమానం నడుపుతూ చనిపోయాడు కూడా.

ఆ వ్యాసాల్లోని ఆలోచన ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఒక వక్రరేఖ ఎంత గరుకుగా ఉన్నా, లెక్కలోకి రానన్ని బిందువులు వదిలేస్తే, మిగతా చోట్ల దాని వాలు కొన్ని పద్ధతుల్లో మాత్రమే ప్రవర్తించగలదని చెప్పే ఫలితం. డెంజ్వా-యంగ్-సాక్స్ సిద్ధాంతం అంటారు.

గణితం బోధించే స్నేహితుడొకరిని అడిగాను, ఇందులో యంగ్ ఎవరని.

“విలియం యంగ్, ఇంకెవరు?” అన్నాడు.

కాదు, అతని భార్య అన్నాను. కాసేపు ఆగి, “ఆవిడా గణితం చేసేదా?” అన్నాడు.