మారుమూల ఎవరికి?

మన యువ రచయితల కథల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనబడుతున్నది: ‘మారుమూల తండా’. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బస్టాండులో నిలబడి చూసేవారికి వీర్నపల్లి, రుద్రంగి తండాలు మూల కావచ్చు. అక్కడ పుట్టినవాళ్లకు అదే నడిమధ్య. రాసినవారు తండావాళ్లే అయినా, వాళ్ల చూపు బస్టాండులోనే నిలబడింది. 2016 అక్టోబర్ 11న సిరిసిల్ల, జగిత్యాల జిల్లా కేంద్రాలయ్యాయి. రోడ్డు అంగుళం తగ్గలేదు. కలెక్టరాఫీసు మాత్రం దగ్గరికొచ్చింది. దూరం అంటే కిలోమీటర్లే కాదని తెలియడానికి ఇది చాలు.

మనిషి స్థలాన్ని మొదట ఒంటితోనే తెలుసుకుంటాడు. జాన, మూర, బార చేతి కొలతలు. నడుములోతు, నిలువులోతు నీటి కొలతలు. చేను ఎంత అంటే ఎన్ని కుంచాల విత్తనం పడుతుందో చెప్పేవారు పెద్దలు. మూర మనిషికో తీరు, నిజమే. అమ్మకానికి మీటరే న్యాయం. కానీ పాత మాటల్లో పొడవుతో పాటు పడ్డ కష్టం కూడా ఉంది. 30 డిగ్రీల గుట్ట వాలు మీద 100 మీటర్లు నడిస్తే పటంలో అది 87 మీటర్లే. పటం నేలను మట్టంగా పరిచి కొలుస్తుంది. కాళ్లు ఎక్కి కొలుస్తాయి. రెండూ నిజమే.

ఇది రాతలో అందం గురించిన తగువు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో, రాతలో పెట్టిన పెద్దల మాట సాక్ష్యం. వేసిన గట్లు, చదును చేసిన నేల, పాత బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు కూడా సాక్ష్యాలే. ఒక్కటే చాలదు, ఒకటికి మించి చూపాలి. ‘విశాలమైన అడవి పక్కన కొంత పోడు’ అని రాస్తే ఆ వాక్యంలో చేను లేదు. ‘చింతచెట్టు నుంచి ఒర్రె దాకా, తాత పేర్చిన రాళ్లకట్టకు ఈవల’ అంటే ఉంది.

‘మా అడవికి ఎల్లలు లేవు’ అని గొప్పగా రాసేవారికీ ఇదే చెబుతాం. ఆ చట్టం సాగుభూమికి 4 హెక్టార్ల పరిమితి పెట్టింది. ఎల్ల చెప్పలేనివాడి చేను లెక్కలోకి రాదు.

టీచర్లు వైశాల్యం పాఠానికి ముందు పిల్లలతో బడి ఆవరణను అడుగులేసి కొలిపించాలి, తర్వాత టేపుతో. రెండు లెక్కలూ పక్కపక్కన రాయించాలి. ఆ సాయంత్రం ఇంట్లో పెద్దలనడిగి ఒక్కో చేను పేరు, దాని నాలుగు హద్దులు రాసుకు రమ్మనాలి. మన రచయితలు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.