కళ్లు మూసుకుని వాడే పనిముట్టు

తలంటులో కుంకుడు రసం కంట్లో పడని తెలుగువాడు ఉండడు, కనీసం షాంపూ ప్యాకెట్లు రాకముందు పుట్టినవాళ్లలో. ఒక చేత్తో కళ్లు నులుముకుంటూ, రెండో చేత్తో చెంబు కోసం తడుముకుంటూ అరిచేవాళ్లం. అమ్మ నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. దానివల్ల మంట తగ్గేదో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి అసలు బాధ మంట కాదనిపిస్తుంది, చెంబు దొరక్కపోవడం. నీళ్ల కాగు ఎక్కడుందో తెలుసు, చెంబు దాని పక్కనే ఉందనీ తెలుసు. కళ్లు మూతపడితే రోజూ చూసే నీళ్లగదే అడవైపోతుంది.

ఆ తడుములాట గురించి బాగా ఆలోచించి చేసిన వస్తువొకటి ట్రాయ్‌లో, మా బావమరిది వరస అయ్యే ఒకతని బేస్‌మెంట్‌లో చూశాను. డెట్రాయిట్‌కు ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లో కార్ల కంపెనీల ఇంజినీర్లు ఎక్కువ, తెలుగువాళ్లూ ఎక్కువే. చేతిపని మీద మోజున్నవాళ్లు మిషిగన్ చలికాలంలో గరాజ్ వదిలి ఇంటి కిందికి దిగుతారు. బొమ్మల కొలువు మెట్లూ వినాయక చవితి మండపాలూ అక్కడే తయారవుతాయి. ఇతను చెక్క పలకల మధ్య ఎపాక్సీ పోసి టేబుళ్లు చేస్తాడు. నేను వెళ్లింది టేబుల్ చూడ్డానికే. అది బాగానే ఉంది. నా చూపు మాత్రం మూలనున్న లాండ్రీ సింకు దగ్గర ఆగిపోయింది.

సింకు అంచున ఒక లోహపు గొట్టం, దాని కొసన పక్కపక్కనే రెండు చిన్న తలలు, వాటికి ప్లాస్టిక్ మూతలు. కళ్లు కడుక్కునే కుళాయి అది, ఐవాష్ అంటారు. మామూలప్పుడు అది పక్కకు మడిచి ఉంటుంది, గిన్నెలు కడుక్కోవడానికి అడ్డం రాదు. దాన్ని పట్టి సింకు మీదికి లాగితే చాలు, ఆ లాగడంలోనే లోపలి వాల్వు తెరుచుకుంటుంది. నీటి తోపుకు మూతలు వాటంతటవే లేచిపోతాయి. తిప్పడాలు, నొక్కడాలు, మూత తీయడాలు ఏవీ లేవు. చెయ్యి వదిలేసినా నీళ్లు ఆగవు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. కంట్లో మంట పుడితే రెప్పలు బిగుసుకుంటాయి, మన మాట వినవు. వాటిని వేళ్లతో విడదీసి పట్టుకుంటేనే నీళ్లు లోపలికి వెళ్తాయి. రెండు చేతులూ రెప్పల దగ్గరుంటే కుళాయి ఎవరు పట్టుకోవాలి? అందుకే వాల్వు తెరిచింది తెరిచినట్టే ఉండాలని, తెరవడానికి ఒక్క సెకను మించి పట్టకూడదని అమెరికాలో ఐవాష్‌ల ప్రమాణం చెబుతోంది. దాని పేరు ఆన్సీ జెడ్358.1. మొదట 1981లో వచ్చింది, 2014లోనూ సవరించారు. ఆ ప్రమాణం పని చేసే చోట్ల కోసం రాసింది, ఇంటి బేస్‌మెంట్‌కు వచ్చి ఎవరూ తనిఖీ చెయ్యరు. కానీ అందులోని ప్రతి అంకె వెనకా కళ్లు మూసుకున్న ఒక మనిషి కనిపిస్తాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది నీటి ధారను పరీక్షించే కొలబద్ద. 4 అంగుళాల పొడవు, దాని మీద మధ్యనుంచి సమదూరంలో రెండు జతల గీతలు. లోపలి గీతల మధ్య 1.25 అంగుళాలు, బయటి గీతల మధ్య 3.25. తలలకు 8 అంగుళాల లోపు ఎత్తులో దీన్ని ధారలో పెడితే, రెండు పక్కలా లోపలి గీతకూ బయటి గీతకూ నడుమ నీళ్లు నిండుగా పరుచుకోవాలి. అంటే చిన్న మొహమైనా, పెద్ద మొహమైనా కనుగుడ్లు ఆ రెండు పట్టీల్లోనే పడతాయి. ఎవరి మొహమో తెలియకుండా కొలత తీసుకున్న దర్జీ పని ఇది. ధార కూడా కంటిని పొడవకూడదు. తలల లోపలి జల్లెడలు ఒత్తిడిని విరగ్గొట్టి నీటిని మెత్తగా పైకి పంపుతాయి.

"బావగారూ, లేత్ దగ్గర నిలబడి కళ్లు మూసుకోండి. మంటపుట్టిందనుకుని రండి," అన్నాడు మా బావమరిది. నడిచాను. నాలుగో అడుగులో మోకాలి కింద ఏదో గట్టిగా తగిలింది. సోనా మసూరి బియ్యం బస్తా. కుంటుకుంటూ, గోడ తడుముకుంటూ సింకు చేరేసరికి పధ్నాలుగు సెకన్లు. ప్రమాణం ప్రకారం 10 సెకన్లలో చేరాలి, దారిలో అడ్డం ఉండకూడదు. అతను బస్తా వైపు చూసి ఏమీ అనలేదు.

నీటి వేడి సంగతి ఇంకా ముఖ్యం. ధార 15 నిమిషాలు ఆగకుండా రావాలి, నిమిషానికి లీటరున్నర చొప్పున. జనవరిలో ఇక్కడి చల్లనీళ్ల కుళాయి కింద 15 నిమిషాలు కళ్లు తెరిచి ఉంచడం ఎవరి తరం? రెండో నిమిషంలోనే మొహం తీసేస్తారు. అందుకే నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలన్నారు. ఇతను వేడినీటి గొట్టాన్నీ చన్నీటి గొట్టాన్నీ కలిపి మధ్యలో థర్మోస్టాట్ వాల్వు పెట్టాడు. ఊరికే కుళాయికి బిగించే చవక ఐవాష్‌లూ దొరుకుతాయి, లేనిదానికన్నా నయమే. కానీ వాటిలో ముందు కుళాయి తిప్పాలి, తరవాత మీట లాగాలి. కంగారులో వేడినీళ్ల వైపు తిప్పామా, అదింకో ప్రమాదం.

మందుల షాపులో దొరికే ఐవాష్ సీసా చాలదా అని అడిగేవాళ్లుంటారు. లెక్క వేద్దాం. 15 నిమిషాలకు 22 లీటర్ల పైన నీళ్లు కావాలి, మన ఊళ్లలో ఇంటికి తెచ్చి ఇచ్చే 20 లీటర్ల నీళ్ల టిన్ను కూడా సరిపోదు. 32 ఔన్సుల పెద్ద సీసా ఆ వేగంతో 40 సెకన్లయినా రాదు. చెక్కపొడికి సీసా మంచిదే. రసాయనం పడ్డప్పుడు అది సింకు దాకా నడిచేలోపు వాడుకునేది మాత్రమే. పాత సామాన్ల షాపుల్లో కనిపించే గాజు కంటిగిన్నెలు ఎంత ముద్దుగా ఉన్నా నాకు నచ్చవు. కంట్లోంచి దిగిన మురికి ఆ గిన్నెలోనే ఉంటుంది, అదే నీళ్లలో మళ్లీ కన్ను మునుగుతుంది.

ఇంత నీళ్లెందుకో వెల్ల వేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆమ్లం పడితే కంటి పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు తామే అడ్డుగోడ అవుతాయి. సున్నం అలా కాదు. అది క్షారం. కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగిపోతుంది, రెప్ప కింద రవ్వ మిగిలితే కాలుస్తూనే ఉంటుంది. డ్రైనేజీ పైపుల్లో పోసే కాస్టిక్ సోడా, తడి సిమెంటు, ఎపాక్సీలో కలిపే హార్డెనర్ అన్నీ ఆ జాతివే. ఇవి పడితే వెంటనే కడగడం మొదలుపెట్టాలి, కాంటాక్ట్ లెన్సు ఉంటే కడుగుతూనే తీయాలి, కనుగుడ్డును నాలుగు వైపులా తిప్పాలి. ఒక్క కన్నే అయితే దాన్ని కిందికి వంచి, ముక్కు వైపు నుంచి బయటికి కడగాలి, లేకపోతే మంచి కంట్లోకీ పారుతుంది. ఈలోగా ఇంట్లో ఇంకొకరు 1-800-222-1222కు ఫోన్ చెయ్యాలి, అది అమెరికా అంతటా పనిచేసే పాయిజన్ కంట్రోల్ నంబరు. 15 నిమిషాలయ్యాక ఎమర్జెన్సీకి వెళ్లాలి. ట్రాయ్‌వాళ్లకు డెక్విండర్ రోడ్డు మీది బోమాంట్ ఆస్పత్రి ఉంది.

కడగడం ఆలస్యమైతే జరిగే నష్టాన్ని బాగుచేయడానికి ఎంత నేర్పు కావాలో మన హైదరాబాదుకు బాగా తెలుసు. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో వీరేందర్ సంగ్వాన్ బృందం ఒక పద్ధతి కనిపెట్టి 2012లో ప్రకటించింది. బాగున్న కంటి నల్లగుడ్డు అంచునుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, కాలిన కంటి మీద పరిచిన మావి పొరపై అతికిస్తారు. ఆ మూలకణాల నుంచి కొత్త పొర పెరుగుతుంది. అంత సున్నితమైన పని అవసరం రాకుండా చూసేవాటిలో ఈ కుళాయి ఒకటి.

అన్నిటికీ నీళ్లే మందు అనుకోవద్దు. గ్రైండర్ నుంచి ఎగిరిన ఇనుప ముక్క గుడ్డులో గుచ్చుకుంటే కడగకూడదు, పీకకూడదు, నొక్కకూడదు. మీద పేపర్ కప్పు ఆనించి టేపు వేసి, వేరేవాళ్లు కారు నడపగా ఆస్పత్రికి వెళ్లాలి. దానికి అసలు విరుగుడు ముందే పెట్టుకునే కళ్లద్దాలు. వాటి మీద జెడ్87+ అని చెక్కి ఉంటే, పావు అంగుళం ఉక్కు గుండును సెకనుకు 150 అడుగుల వేగంతో కొట్టినా తట్టుకున్నాయని అర్థం. గంటకు సుమారు 165 కిలోమీటర్లు, షోయబ్ అక్తర్ అతి వేగవంతమైన బంతి 161.3. అయితే ద్రవాలు చింది పడకుండా ఉండాలంటే మామూలు అద్దాలు చాలవు, డి3 గుర్తున్న గాగుల్స్ కావాలి. ఎపాక్సీ కలిపేటప్పుడు ఇతను అవే పెట్టుకుంటాడు.

గొట్టంలో నిలవున్న నీళ్లలో అకాంతమీబా, సూడోమోనాస్ లాంటివి పెరుగుతాయి. వారానికోసారి ధార వదిలి చూడాలి. సింకు పైన గోడమీద సుద్దతో గీసిన శనివారాల గీతలు చూశాను, ఒక్కటీ తప్పలేదు.

బయల్దేరుతూ ఇంకోసారి కళ్లు మూసుకుని నడిచాను. ఆరు సెకన్లు. మేం పైన టీ తాగుతుండగా మా చెల్లెమ్మ బియ్యం బస్తాను మెట్ల కిందికి జరిపించింది.