పుట్టుకతో లేనిది, నడుమ పోయినది

హెచ్ఐవీ గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా పరిచయం అక్కర్లేదు. 1986లో చెన్నైలో మైక్రోబయాలజిస్టు సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల దేశంలో తొలి కేసులను బయటపెట్టారు. ఆ తర్వాత ఆ జబ్బు భారాన్ని ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సీడీ4 కౌంట్, ఏఆర్‌టీ సెంటర్ అన్నవి మన జిల్లా ఆస్పత్రుల్లో రోజూ వినపడే మాటలు. కాగా దానికి తోబుట్టువు లాంటి మరో జబ్బుల కుటుంబం ఉంది. అది వయసులో పెద్దదే అయినా మనకు దాని పేరు తెలియదు. రోగనిరోధక శక్తి పుట్టుకతోనే లోపించే జబ్బులవి. 1952లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో ఓగ్డెన్ బ్రూటన్ అనే వైద్యుడు ఎనిమిదేళ్ల బాబును పరీక్షించాడు. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఆ బాబు రక్తంలోకి పదేపదే చొరబడుతోంది. రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూస్తే యాంటీబాడీలుండే గామా గ్లోబులిన్ ఉండవలసిన చోట ఖాళీ కనిపించింది. దాన్ని బయటి నుంచి ఇవ్వడం మొదలుపెట్టాక ఆ దాడులు ఆగాయి. తర్వాత దాదాపు మూడు దశాబ్దాలకు, 1981లో, లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల న్యుమోనియా గురించి వచ్చిన చిన్న నివేదికతో ఎయిడ్స్ చరిత్ర మొదలైంది.

బ్రూటన్ చూసిన జబ్బులో బీ కణాలు ఎదగవు కాబట్టి యాంటీబాడీలు తయారుకావు. హెచ్ఐవీలో అయితే యాంటీబాడీలకు కొదవ ఉండదు. వాటికి దారి చూపే సీడీ4 కణాలే తరిగిపోతాయి. అందుకే మొదటి వైపు చెవిలో చీము, సైనస్, న్యుమోనియా పదేపదే వస్తాయి. రెండో వైపు క్షయ వస్తుంది, క్రిప్టోకాకస్, న్యుమోసిస్టిస్ అనే ఫంగస్‌లు సోకుతాయి. బయటికి ఏమీ తెలియని కాలం మాత్రం రెండింటిలోనూ ఉంది. తల్లి కడుపులో అందిన యాంటీబాడీలు పసివాణ్ని ఆరు నెలల దాకా కాస్తాయి. అలాగే హెచ్ఐవీ సోకినవారు ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తారు.

రెండింటినీ దగ్గర పెట్టి చూడవలసిన చోటు ఊపిరితిత్తి. యాంటీబాడీలు లేని పిల్లవాడి శ్వాసనాళాల గోడలు ఒక్కో న్యుమోనియాకూ కొంచెం చొప్పున దెబ్బతింటాయి. నాళం వెడల్పవుతుంది, కళ్లె నిలుస్తుంది, నిలిచిన కళ్లెలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాటిని తరమడానికి వచ్చిన తెల్లకణాలు వదిలే రసాయనాలు గోడను ఇంకా తింటాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఒకసారి సాగిపోయిన నాళం మామూలుగా తిరిగి ముడుచుకోదు. నరంలోంచి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్, అంటే బయటి యాంటీబాడీలు, రక్తాన్ని కాపాడుతుంది కానీ, శ్వాసనాళాల లోపలి పొర మీద ఉండవలసిన ఐజీఏ అనే యాంటీబాడీ లోటును పూడ్చలేదు. కనుక మందు సక్రమంగా అందుతున్నా కొందరిలో ఈ నష్టం సాగుతూనే ఉంటుంది. హెచ్ఐవీతో పెరిగే పిల్లల్లోనూ ఇదే బ్రాంకియెక్టాసిస్ కనిపిస్తుంది. క్షయ నయమైన పెద్దల్లో క్రిమి పోయాక కూడా మచ్చపడిన ఊపిరితిత్తి, ఆయాసం మిగులుతాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే పోలిక మరొకటుంది. లోపమే జబ్బును పరీక్షకు దొరకకుండా దాచేస్తుంది. క్షయలో ఊపిరితిత్తి గుల్లపడటంలో మన రోగనిరోధక శక్తి చేసే పోరాటానికీ వాటా ఉంది. సీడీ4 బాగా పడిపోయినవారిలో ఆ పోరాటమే ఉండదు. ఎక్స్‌రేలో గుల్ల కనపడకపోవచ్చు, కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, చేతి మీద మాంటూ పరీక్ష పొంగకపోవచ్చు. క్షయ లేదని కాదు, దానికి సాక్ష్యం చెప్పవలసిన కణాలు లేవు. అలాగే యాంటీబాడీలు తయారుకాని రోగికి యాంటీబాడీల మీద ఆధారపడిన ఏ రక్తపరీక్ష చేసినా నెగెటివ్ రావచ్చు. అక్కడ నేరుగా క్రిమి జన్యుపదార్థాన్నే వెతకాలి. నెగెటివ్ రిపోర్టు చూసి ఇంటికి పంపేస్తే రెండు వైపులా జరిగే నష్టం ఒకటే.

క్రిమి పరీక్షకు దొరకకపోవడమే కాదు, ఒంటిని వదలకపోవడం కూడా ఉంది. పుట్టుకతో లోపం ఉన్నవారిలో కొన్ని వైరస్‌లు ఎంతకాలం తిష్ఠ వేస్తాయో చెప్పడానికి బ్రిటన్‌లోని ఒక రోగి ఉదాహరణ చాలు. చిన్నప్పుడు వేసిన పోలియో చుక్కల్లోని వైరస్ ఆయన పేగులోంచి 28 ఏళ్లపాటు బయటికి వస్తూనే ఉందని 2015లో పరిశోధకులు ప్రకటించారు. పోలియోను తుదముట్టించాలనుకునే ప్రపంచానికి ఇది చిన్న విషయం కాదు.

లోపం అనగానే శరీరం చేతులు ముడుచుకుని కూర్చుందని అనుకుంటాం. అది నిజం కాదు. క్షయతో పాటు హెచ్ఐవీ ఉన్న రోగికి ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీ మందులు, మొదలుపెట్టిన కొన్ని వారాలకు, తిరిగి లేచిన కణాలు ఒక్కసారిగా క్షయ మీద పడతాయి. జ్వరం తిరగబెడుతుంది, గడ్డలు ఉబ్బుతాయి. మెదడు పొరల్లో క్రిప్టోకాకస్ ఉన్నప్పుడు ఇది ప్రాణాంతకం. అందుకే అక్కడ ఏఆర్‌టీని నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మొదలుపెడతారు. యాంటీబాడీలు తగ్గే మరో పుట్టుక లోపంలో, సీవీఐడీలో, మందుల ప్రమేయం లేకుండానే ఇలాంటి అల్లకల్లోలం కనిపిస్తుంది. ఊపిరితిత్తిలో గ్రాన్యులోమాలనే కణాల ముద్దలు పుడతాయి, సొంత ప్లేట్‌లెట్ల మీదే దాడి జరుగుతుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ గ్రాన్యులోమాలను క్షయగా పొరబడటం తేలిక.

చికిత్సలో దారులు వేరు. ఏఆర్‌టీ రోగి సొంత సేనను మళ్లీ నిలబెడుతుంది. 2004 నుంచి ప్రభుత్వం దాన్ని ఉచితంగా ఇస్తోంది. ఇమ్యునోగ్లోబులిన్ అయితే వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన అప్పు. మూడు నాలుగు వారాలకోసారి జీవితాంతం తెచ్చుకోవాలి, మామూలు కుటుంబం భరించలేని ఖర్చు. హెచ్ఐవీ రోగి తన జబ్బు పేరు వల్ల అవమానం పడ్డాడు. పుట్టుక లోపం ఉన్న రోగికి పేరే దొరక్క ఏళ్లు గడిచాయి. భయంతో పరీక్షకు రానివారూ, వచ్చినా ఎవరూ పరీక్ష రాయనివారూ చివరికి అవే చెడిన ఊపిరితిత్తులతో చికిత్సకు చేరుతున్నారు. వాళ్లలో కనపడే నష్టంలో చాలాభాగం క్రిమి చేసినది కాదు, ఆలస్యం చేసినది.

ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అనే నాలుగూ అడుగుతారు. క్షయ తేలినవారికి హెచ్ఐవీ పరీక్ష చేస్తారు. పుట్టుక లోపాల వైపు ఇలాంటి అలవాటు ఇంకా ఏర్పడలేదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చిన బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ల రక్తపరీక్ష రాయాలి. బ్రూటన్ జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది కాబట్టి, ఆమె అన్నదమ్ముల్లో, మేనమామల్లో ఎవరైనా పసితనంలో జబ్బుచేసి పోయారా అని అడగాలి. ఆ ఒక్క జవాబుతో తర్వాత పుట్టే తమ్ముడికి అదే లోపం ఉంటే, ఊపిరితిత్తి పాడవకముందే, మొదటి నెలల్లోనే మందు మొదలుపెట్టవచ్చు.