తాబేలు గుంత, మనిషి చెయ్యి

కావలి నుంచి తూర్పుగా తుమ్మలపెంట దారి పడితే అరగంటలోపే సముద్రం ఎదురవుతుంది. ఆ ఒడ్డు మీద ఉత్తరాన రామాయపట్నం వైపు నడిచినా, దక్షిణాన జువ్వలదిన్నె, ఇసకపల్లి వైపు నడిచినా కాలికింద ఇసుకే. ఏటా జనవరి మొదలు మార్చి దాకా రాత్రిళ్లు ఈ ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. గుడ్ల వాసన పట్టి నక్కలు వస్తాయి, ఊరకుక్కలు వస్తాయి. వాటికంటే ముందు గుంత దగ్గరికి చేరాలని చీకట్లో ఒడ్డంతా గాలించే మనుషులు నెల్లూరు తీరం పొడవునా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది పట్టపుపాలేలనే మత్స్యకారుల పల్లెల కుర్రవాళ్లే. వెనక అటవీశాఖ ఉంది, 2002లో చెన్నైలో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ ఇచ్చే శిక్షణ ఉంది. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలిన రోజున వీళ్ల మంచి మనసు గురించి పేపర్లో నాలుగు ముక్కలు పడుతుంటాయి. వీళ్ల పనితనం గురించి రాసినవాళ్లు తక్కువ. నాకు చెప్పాలనిపించింది అదే.

పని జాడ చదవడంతో మొదలవుతుంది. ఆలివ్ రిడ్లే నడిచేటప్పుడు ముందు రెక్కలు రెండూ ఒకేసారి వెయ్యదు, ఒకటి తర్వాత ఒకటి వేస్తుంది. అందుకని ఇసుకలో గుర్తులు అటొకటి ఇటొకటిగా పడతాయి. జాడ వెడల్పు ముప్పావు మీటరు. పచ్చ తాబేలు అయితే రెండు రెక్కలూ కలిపి ఈడ్చుకుంటుంది, దాని గుర్తులు జోడుజోడుగా ఉంటాయి. ఇది తేలిగ్గానే నేర్చుకోవచ్చు. అసలు విద్య, తాబేలు ఎప్పుడొచ్చిందో చెప్పడంలో ఉంది. ఎక్కిన జాడకన్నా దిగిన జాడ నీళ్లవైపు పొడుగ్గా సాగి ఉంటే, అది పాటు వేళ వచ్చిందన్నమాట; గుడ్లు పెట్టి తిరిగి వెళ్లేలోపు నీరు వెనక్కి తగ్గింది. ఎక్కిన జాడ కింది కొస చెరిగిపోయి దిగిన జాడ పొట్టిగా ఉంటే పోటు వేళ. ఆ రోజు తిథి ఏమిటో, పోటు ఎన్ని గంటలకో సముద్రం మీదికి పోయేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేటకి పనికొచ్చిన ఆ లెక్కే ఇక్కడ గుడ్ల వయసు చెబుతుంది. గుడ్లు పెట్టి గంటయిందా, ఆరు గంటలయిందా అన్న దాన్ని బట్టే తర్వాత చెయ్యవలసిన పని మారిపోతుంది.

కొన్ని జాడలు ఉత్తవి. తాబేలు పైకెక్కి, ఏదో వెలుతురుకో కుక్క అలికిడికో బెదిరి, తవ్వకుండానే తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ జాడ వెంట పోయి మోకాళ్లమీద గంటసేపు ఇసుక తడుముతూ కూర్చున్నా ప్రయోజనం లేదు. అలవాటైన కన్ను చెదిరిన ఇసుక రంగు చూసి ముందే తేల్చేస్తుంది. నిజంగా తవ్వినచోట అడుగునుంచి వచ్చిన తడి ఇసుక పైనున్న పొడి ఇసుకతో కలిసి మచ్చలు మచ్చలుగా పడి ఉంటుంది.

గుంత ఉందని తెలిశాక అది సరిగ్గా ఎక్కడన్నది మరో ప్రశ్న. గుడ్లు పెట్టాక తాబేలు గుంత పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దిమ్మిస చేస్తుంది, ఆ తర్వాత రెక్కలతో చుట్టూ ఇసుక చిమ్మి గుర్తు తెలియకుండా చేసి పోతుంది. చెదిరిన మేర మీటరుకు పైనే ఉంటుంది. గుడ్లున్న గుంత మూతి మాత్రం జానెడు. ఇక్కడే చిటికెనవేలంత లావు కర్ర ఒకటి వాడతారు. దాని మొన సూదిగా ఉండకూడదు, మొద్దుగా ఉండాలి. దాన్ని గుప్పిట్లో బిగించి పొడవరు. మూడు వేళ్లతో నిలబెట్టి, వేళ్ల బరువు మాత్రమే పెడతారు. కదలని ఇసుకలో కర్ర దిగదు. వేలెడు జరిపి మళ్లీ ఆనించాలి, మళ్లీ జరపాలి. ఒకచోట కర్ర ఉన్నట్టుండి కిందికి జారుతుంది. అదే గుంత మెడ. ఆ క్షణంలోనే చెయ్యి ఆగిపోవాలి, ఎందుకంటే గుడ్లు ఆ కిందే ఉన్నాయి. ఆగడం అరక్షణం ఆలస్యమైతే ఒక గుడ్డు పగులుతుంది. నష్టం ఆ ఒక్క గుడ్డుతో ఆగదు. చీమలు పడతాయి, బూజు పట్టి పక్క గుడ్లకు పాకుతుంది, ఆ వాసనకు నక్క వస్తుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు కొందరు కర్ర ముట్టుకోరు. అరచేత్తో ఇసుకను నొక్కి, మెత్తదనం తేడా పట్టుకుని మెడను కనుక్కుంటారు. కర్ర పట్టడం నేర్చుకుని, తర్వాత కర్ర అక్కర్లేకుండా పోవడం ఈ పనిలో పై మెట్టు అని నా అభిప్రాయం.

గుడ్లను కాపలా ఉండే సంరక్షణ కేంద్రానికి చేర్చడానికి బయటికి తియ్యాలి. తవ్వకం చేతులతోనే. పార, గరిట లాంటివేవీ దగ్గరికి రావు. మూరెడు లోతులోపే మొదటి గుడ్డు తగులుతుంది. ఒక్కో గుంతలో నూరు, నూట ఇరవై దాకా ఉంటాయి. నాలుగు సెంటీమీటర్ల గుండ్రటి తెల్లగుడ్లు, పెంకు గట్టిగా ఉండదు, వేలు ఆనితే సొట్ట పడుతుంది. కోడిగుడ్డును పొదిగే కోడి రోజూ తిప్పుతూనే ఉంటుంది. తాబేలు గుడ్డు సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పైకి తేలి, పెంకు పైభాగాన ఉండే పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిరగేస్తే ఆ అతుకు ఊడి పిండం చచ్చిపోతుంది. బయటినుంచి చూస్తే గుడ్డు మామూలుగానే ఉంటుంది, నెలన్నర తర్వాతగానీ అది పోయిందని తెలియదు. అందుకని ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉండేలా తియ్యాలి, అలాగే సంచిలో పెట్టాలి, అలాగే మళ్లీ గుంతలోకి దించాలి. నూట పది గుడ్లు, చీకటి, సన్నటి టార్చి వెలుతురు, పైన సముద్రపు గాలి. ఒక్కటి కూడా చేతిలో దొర్లకూడదు. జాడ చూసి గంటలు లెక్కగట్టిన విద్యకు విలువ ఇక్కడ తెలుస్తుంది: వేళ మించిపోయిన గుంతను కదపకుండా వదిలెయ్యడమే మేలు.

సంచిలో అడుగున ఆ గుంతలోని తడి ఇసుకే పోస్తారు. తల్లి గుడ్లతోపాటు విడిచిన జిగురు అందులో కలిసి ఉంటుంది. మోసేవాడు పరుగెత్తడు, సంచిని ఊపడు. ఈ ఒడ్డున మోటారు సైకిళ్లకు కొదవలేదు, అయినా కుదుపుకు భయపడి కిలోమీటర్లు నడిచి తెచ్చే అలవాటు చూస్తే నాకు ఆ పనిమీద గౌరవం పెరుగుతుంది.

సంరక్షణ కేంద్రం అంటే గొప్ప కట్టడం కాదు. పోటు నీరు అందని ఎత్తులో వెదురు దడి కట్టిన ఇసుక మడి. దాన్ని ఏటా చోటు మారుస్తారు, కిందటేడు పొదిగిన ఇసుకలో కుళ్లిన గుడ్ల తాలూకు బూజు, పురుగు మిగిలి ఉంటాయి కాబట్టి. గుంతకూ గుంతకూ మధ్య మీటరు ఎడం. గుంత తవ్వడంలో కొలత కన్నా రూపం ముఖ్యం. తల్లి తాబేలు వెనక రెక్కలను దోసిలిలా వంచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక ఎత్తి, నలభై అయిదు సెంటీమీటర్ల లోతున కూజాలాంటి గుంత చేస్తుంది: పైన సన్నటి మెడ, అడుగున గుండ్రటి పొట్ట. మనిషి కూడా పక్కమీద పడుకుని, భుజం దాకా చెయ్యి లోపలికి దించి, కంటికి కనిపించని అడుగును వేళ్లతో గుండ్రంగా తొలుస్తాడు. పొట్ట ఇరుకైతే కింది గుడ్లకు గాలి ఆడదు. మెడ వెడల్పయితే పైనుంచి ఎండవేడి దిగుతుంది. గోడ విరిగి పడకుండా ఉండాలంటే తవ్వే ఇసుక తడిగా ఉండాలి, మరీ తడైతే గుడ్లు ఊపిరాడక చస్తాయి. ఇంత సూక్ష్మం ఎవరు చెప్పినా చెవికి ఎక్కదు, వేళ్లకు ఎక్కవలసిందే. పైన పొడి ఇసుక పడకుండా తడి ఇసుకతో కప్పి, తేదీ, గుడ్ల సంఖ్య రాసిన పలక పాతుతారు.

ఈ విద్య ఒక్కరోజులో ఇక్కడికి రాలేదు. 1970ల తొలి సంవత్సరాల్లో రోములస్ విటేకర్, సతీశ్ భాస్కర్ వంటివాళ్లు మద్రాసు బీచిలో రాత్రిళ్లు నడిచి గుడ్లు ఏరి పొదిగించడం మొదలుపెట్టారు. సతీశ్ భాస్కర్ ఆ తర్వాత దేశంలోని తీరాలనూ దీవులనూ వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి ఏ తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతుందో నమోదు చేశాడు. 1988లో చెన్నై విద్యార్థులు సొంతంగా ఒక బృందం కట్టుకుని ఆ నడకను అందుకున్నారు. పట్నం కుర్రాళ్లు నేర్చుకున్న పని మత్స్యకారుల చేతికి వచ్చాక దానికి మరో బలం కలిసింది. వీళ్లకు ఒడ్డు ఇంటి వాకిలే, శనివారం రాత్రి వచ్చి ఆదివారం పోయేవాళ్లు కారు.

ఇక వేడి సంగతి. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటే రెండూ పుడతాయి, అంతకన్నా చల్లబడితే మగవి, వేడెక్కితే ఆడవి ఎక్కువవుతాయి. మరీ కాగితే ఏవీ బతకవు. నెల్లూరు ఎండ గురించి నెల్లూరువాళ్లకు చెప్పేదేముంది? మార్చి చివర పెట్టిన గుడ్లు మే నెల ఎండలో పొదగాలి. మడిపైన తాటాకు పందిరో వలగుడ్డో వేసి నీడ ఇస్తారు. ఎంత నీడ, ఎన్నాళ్లు అన్నది తేల్చడం తేలిక కాదు. అతిగా కప్పినా తప్పే. నా మటుకు నాకు, మనిషి చేతి గుంతకన్నా తల్లి ఎంచుకున్న చోటే మేలనిపిస్తుంది. కుక్కల బెడద, అలల కోత లేనిచోట గుంతను ఉన్నచోటనే ఉంచి, పైన జాలీ పరిచి కాపలా కాయడం ఇంకా ఉత్తమం. ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ఆ మాటే అంటారు. కావలి ఒడ్డున కుక్కలు లేని చోటు దొరకడమే కష్టం.

నలభై అయిదో రోజు దగ్గరపడేసరికి గుంతమీద వెదురు గంప బోర్లిస్తారు. లోపల గుడ్లు పగిలిన పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, పైకప్పు ఇసుకను రాల్చుకుంటూ రెండు మూడు రోజులు పైకి పాకుతాయి. పై ఇసుక వేడిగా తగిలితే ఆగిపోతాయి, చల్లబడ్డాక అంటే రాత్రో తెల్లవారుజామునో ఒక్కసారిగా బయటపడతాయి. గంప కింద అరచేతిలో పట్టే పిల్లలు కుప్పగా కదులుతుంటే అవి తమంతట తామే నడిచి నీటిలోకి పోయేలా ఒడ్డున వదలాలి. చేత్తో తీసుకెళ్లి అలలో వెయ్యకూడదు. పుట్టిన మొదటి రోజంతా ఈదడానికి సరిపడా ఊపు వాటి ఒంట్లో ఉంటుంది. ఎవరో పెద్దమనిషి వస్తారనీ, ఫొటో తీస్తారనీ ఆ పిల్లల్ని తొట్టిలో పగలంతా ఉంచితే ఆ ఊపంతా తొట్టి గోడలకే ఖర్చవుతుంది. మంచి కాపలాదారు తెల్లారేదాకా కూడా ఆగడు.

నీరున్న వైపు ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది కాబట్టి పిల్లలు అటు నడుస్తాయి. ఈ ఒడ్డున ఇప్పుడు రామాయపట్నం పోర్టు, జువ్వలదిన్నె హార్బరు, వరసగా రొయ్యపిల్లల హేచరీలు. వాటి లైట్లు ఊరివైపు ఆకాశాన్ని వెలిగిస్తే పిల్లలు వెనక్కి తిరుగుతాయి, తెల్లారేసరికి కాకుల పాలు, ఎండ్రకాయల పాలు. పిల్లలు బయటపడే నెలల్లో సముద్రంవైపు లైట్లకు మూతలు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ మాట ఒప్పించడానికి గేటు గేటుకూ తిరిగి వాచ్‌మెన్లతో మాట్లాడటం కూడా పనితనమే అంటాను.

ఇసుకకూ కాపలా కావాలి. బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అల్లుకున్న దిబ్బ గాలికి కొట్టుకుపోదు, పోటుకు కుంగదు, గుంత నిలుస్తుంది. ఉప్పెనల భయంతో వేసిన సరుగుడు తోటలు ఊళ్లకు మేలు చేశాయి, కాదనను. అవి అలల అంచుదాకా దిగినచోట మాత్రం వేళ్లు గుంతకు అడ్డుపడతాయి, నీడకు ఇసుక చల్లబడుతుంది. తోటకూ నీటికీ మధ్య తీగల పట్టీ ఒకటి విడిచిపెట్టాలి.

పిల్లలు వెళ్లిపోయిన రెండు మూడు రోజులకు గుంతను మళ్లీ తవ్వుతారు. చూడటానికి ఇంపైన పని కాదు, కంపు కొడుతుంది. ఖాళీ పెంకులు ఒకవైపు, పొదగని గుడ్లు ఒకవైపు, సగంలో చచ్చినవి ఒకవైపు పేర్చి లెక్క రాస్తారు. సగంలో చచ్చినవి ఎక్కువుంటే మోసినవాడి చెయ్యి దొర్లిందా, నీడ చాలలేదా, నీరు ఊరిందా అని వెతుకుతారు. తన తప్పును తానే తవ్వి చూసుకునే ఈ అలవాటు లేకపోతే ఈ పని మొక్కుబడిగా మిగిలిపోయేది. అడుగున ఇరుక్కుపోయిన రెండు మూడు బతికిన పిల్లలు దొరకడమూ కద్దు.

ఇంత చేసినా, వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటి అని అంచనా. ఆ ఒక్కటి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అలా వచ్చిన తల్లి ట్రాలర్ వలలో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ కాపలాదారులే దాన్ని కొలిచి పాతిపెడతారు. 2025 జనవరిలో చెన్నై తీరాన వందల తాబేళ్లు అలా కొట్టుకొచ్చాయి. నెల్లూరు మత్స్యకారులు పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే సోనబోట్లనే మరపడవలతో ఏళ్లుగా గొడవపడుతున్నది తమ చేపలకోసం, వలలకోసం. ఒడ్డుకు దగ్గరగా అడుగు గీకే ఆ వేట తాబేళ్లకూ చావే. ట్రాలర్ వలలోంచి తాబేలు తప్పించుకునే దారి అమర్చే పరికరాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు చాలాకాలం కిందటే తయారుచేసింది. అది మన వలల్లో వాడటం లేదన్న కారణంతోనే అమెరికా కొన్నేళ్లుగా మన సముద్రపు రొయ్యను కొనడం లేదు.

పాలెం కుర్రవాడి వలలో తాబేలు పడితే మాత్రం వల కోసి వదిలేస్తాడు. తాబేలును దేవుడిగా చూసే ఇళ్లలో అది పాత అలవాటే. కోసిన వల బాగు చేసుకోవడానికి రోజులు పడుతుంది, ఆ రోజుల వేట పోతుంది, ఖర్చు ఇంటిమీద పడుతుంది. మహారాష్ట్రలో 2018 నుంచి, తాబేలు వంటి రక్షిత జీవిని వదలడానికి వల కోసిన మత్స్యకారుడికి ఇరవై అయిదు వేల రూపాయల దాకా పరిహారం ఇస్తున్నారు. తుమ్మలపెంట, జువ్వలదిన్నె పడవలకూ అది అందాలి. ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, మర్నాడు ఈ కాపలాదారులే వలలు ఎక్కించుకుని బయల్దేరతారు.