సూరతు పానగోష్ఠి: యాత్రారచయిత చూపు

విందును గురించి వ్రాసేవారు రెండు విధాలు. వడ్డించిన పదార్థాలను లెక్కపెట్టేవారు కొందరు. పంక్తిలో కూర్చున్నవారి మనస్సును పట్టుకొనేవారు కొందరు. మొదటివారి రచన జాబితాగా మిగిలిపోతుంది. రెండవవారిది సాహిత్యమౌతుంది. 1638లో సూరతు చేరిన జర్మను యాత్రికుడు మాండెల్‌స్లో వ్రాతలో ఒకచోట ఈ రెండవ గుణం స్పష్టంగా కనబడుతున్నది.

ఆనాడు సూరతులోని ఆంగ్లేయుల వర్తకశాలకు అధ్యక్షుడు విలియం మెథ్వొల్డు. ఆయన తెలుగునాటికి కొత్తవాడు కాడు. అంతకుముందు మచిలీపట్నంలో ఉద్యోగించి, గోలకొండ రాజ్యాన్ని గురించి ఒక వృత్తాంతం రచించినవాడు. ఆ వర్తకశాలలో దినదినం జరిగే కలయికలలో పానీయం తేనీరు మాత్రమే. శుక్రవారం ప్రార్థన ముగిసిన పిమ్మట మాత్రం అధ్యక్షుడూ, ఆయన బంధువులైన ముగ్గురు వర్తకులూ ప్రత్యేకంగా కూడేవారు. భార్యలను విడిచి వారు ఇంగ్లండునుండి బయలుదేరినది శుక్రవారమే. ఆ స్మృతిగా పాత్రలెత్తి, దూరాననున్న ఇల్లాండ్ర క్షేమం కోరి త్రాగేవారు. ద్రాక్షమద్యం కొందరికి; సారాయం, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర కలిపిన ‘పాలెపుంట్స్’ కొందరికి. మోతాదు మించినవారు ఉన్నారన్న సంగతిని కూడా అతడు దాచలేదు.

ఈ వర్ణన కొద్ది వాక్యాలే. అయినా లాభనష్టాల లెక్కలలో మునిగిన వర్తకుల ఒంటరితనం అందులో బయటపడుతుంది. మన ఆశీర్వచనం ఎదుటనున్నవాని శిరస్సుపై అక్షతలు వేసి పలికేది. ఇది కంటికి కానరానివారికై ఎత్తిన పాత్ర. ఆచారంలోని ఈ అంతరాన్ని వ్యాఖ్యానం లేకుండానే పాఠకునికి అందించగలగడం రచయిత ప్రజ్ఞ.

1689లో అదే నగరాన్ని చూచిన ఓవింగ్టన్ గ్రంథం 1696లో వెలువడినది. ఆంగ్లేయ, పోర్చుగీసు, భారతీయ వంటవారు ముగ్గురూ వర్తకశాలలో ఉండేవారనీ, ఐరోపా మద్యాలకు అక్కడ అధికమైన వెల పలికేదనీ అతడు చెప్పినాడు. సమాచారం పుష్కలం, ఆర్ద్రత స్వల్పం. మాండెల్‌స్లో గ్రంథానికీ ఒక చిక్కు ఉన్నది. 1644లో అతడు మరణించిన పిమ్మట ఒలియారియస్ పరిష్కరించి ప్రకటించినది అది. తరువాతి అనువాదకులు అన్యగ్రంథాలనుండి చాల చేర్చినారు. కనుక ప్రత్యక్షానుభవాన్ని చేర్పులనుండి వేరుచేసి చదువవలసి ఉన్నది.

ఇరువురిలోనూ ఉన్న ముఖ్యమైన లోపం మరొకటి. వారు సూరతును తమ భోజనపు బల్లనుండియే చూచినారు. భోజనం సూరతులో, మరణం కాశీలో అని గుజరాతీ సామెత. శీతకాలపు ఉంధియు, శరత్పూర్ణిమ మరునాడు పంచుకొనే ఘారీ, మన ఊచబియ్యానికి తోబుట్టువైన పొంక్—ఈ రుచుల వెనుకనున్న గృహజీవనం వారికి చిక్కలేదు. నేడు గుజరాతులో మద్యనిషేధం ఉన్నది. ఆ పానగోష్ఠి ఎన్నడో అంతరించినది. ఆ వంటలు నిలిచినవి.

1830-31 సంవత్సరాలలో ప్రయాణించిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకి దొరికే వస్తువులను ఓపికగా వ్రాసిపెట్టినాడు. తెలుగు యాత్రారచనకు ఆ నిజాయితీ పునాది. దానికి మాండెల్‌స్లో చూపిన హృదయం తోడుకావలె. తెలంగాణనుండి వెళ్లి సూరతు మరమగ్గాలపై బ్రతుకుతున్న పద్మశాలీ కుటుంబాలు ఉన్నవి. పొంక్ చేతికి వచ్చినపుడు వారికి ఏ ఊరి జొన్నచేను జ్ఞప్తికి వస్తున్నదో, ఎవరిని తలచుకొని మొదటి ముద్ద ఎత్తుతున్నారో తెలుసుకొనడానికి బాటసారి చూపు చాలదు. ఆ పంక్తిలో కూర్చుని తిన్న తెలుగు రచయిత కావలె.