ఆ ‘లేకపోతే’ దేనిది?

మైపాడు ఒడ్డున పడవ పక్కన నిలబడి ఓ పెద్దాయన కుర్రాడికి చెబుతున్నాడనుకుందాం: “గాలి తగ్గితే, వల బాగుంటే వేటకు పోదాం అబ్బయా. లేకపోతే వల బాగుచేసుకుందాం.” ఈ ‘లేకపోతే’ దేనిది? గాలి తగ్గకపోయినా వల ముందేసుకుని కూర్చోవాలా? గాలి తగ్గి, వల చిరిగి ఉంటేనే కూర్చోవాలా? కుర్రాడు ఓసారి ఆకాశం వంక, ఓసారి వల వంక చూసి గ్రహిస్తాడు. యంత్రానికి ఆ చూపు లేదు. దానికి ముందే తేల్చి చెప్పాలి.

ఎలా తేల్చాలో నేర్పే సబ్జెక్టు ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్’. విద్యార్థుల నోట పీపీఎల్. జేఎన్‌టీయూ సిలబస్‌తో చదివిన కంప్యూటర్ సైన్సు వాళ్ళకు ఈ పేరు వినగానే రాబర్ట్ సెబెస్టా గుర్తొస్తాడు. ఆయన పాఠ్యపుస్తకం తొలి కూర్పు 1989లో వచ్చింది.

పాఠం అల్లిక మొదటి అధ్యాయంలోనే తెలుస్తుంది. ఏ భాష గొప్పదో చెప్పదు. నాలుగు కొలతలు చేతికిస్తుంది. చదవడానికి తేలికా, రాయడానికి వీలా, నమ్మదగినదా, ఖర్చెంత? ఒకటి పెంచబోతే మరొకటి తరుగుతుంది. అర్రే హద్దు దాటుతున్నామేమోనని జావా ప్రతిసారీ చూసుకుంటుంది. అందుకు కొంత వేగం వదులుకుంటుంది. సీ ఆ తనిఖీ మానేసి వేగం దక్కించుకుంది.

ఇక మన ‘లేకపోతే’. దీన్ని డ్యాంగ్లింగ్ ఎల్స్ అంటారు. సీ, జావా దాన్ని దగ్గరి ‘ఇఫ్’కే, అంటే దగ్గరి షరతుకే కట్టేస్తాయి. 1960 నాటి ఆల్గాల్ అసలు ‘ఇఫ్’ లోపల నేరుగా మరో ‘ఇఫ్’ రాయనివ్వలేదు, లోపలిదాన్ని బిగిన్, ఎండ్‌ల మధ్య పెట్టమంది. పెర్ల్ బ్రాకెట్లు తప్పనిసరి చేసింది. పైథాన్‌లో వరస జరిపి రాయడమే తీర్పు. చిక్కు ఒక్కటే, విప్పిన తీరులు నాలుగు. దేని ధర దానిది. వాటిని పక్కపక్కన పరిచి చూపడంలోనే ఈ పాఠం నేర్పు ఉంది.

స్కోపు, అంటే ఒక పేరు దేన్ని సూచిస్తుందో తేల్చే నియమం, కూడా అంతే. కావలి నుంచి వచ్చిన ఉత్తరంలో “మా ఊళ్ళో వాన” అని ఉంటే, హైదరాబాదులో చదివినా ఆ ఊరు కావలే. పేరుకు అర్థం రాసినచోటే స్థిరపడటం స్టాటిక్ స్కోపు. చదివినచోటును బట్టి హైదరాబాదుగా మారితే అది డైనమిక్ స్కోపు. తొలినాటి లిస్పు రెండో దారి పట్టింది. 1975లో పుట్టిన స్కీము మొదటిదాన్ని ఎంచుకుంది.

మనుషుల భాష సంగతి వేరు. పదమూడో శతాబ్దంలో తిక్కనకు దశకుమార చరిత్ర అంకితమిచ్చిన కేతన, తెలుగుకు తెలుగులోనే ‘ఆంధ్రభాషాభూషణం’ అనే వ్యాకరణం రాశాడు. అప్పటికే జనం నాలుక మీద ఆడుతున్న భాషకు ఆయన సూత్రాలు చెప్పాడు. ప్రోగ్రామింగ్ భాష చేసేవాడికి ఆ ఆసరా లేదు. ఒక్కరూ వాడకముందే ప్రతి ‘లేకపోతే’కూ చోటు చూపించాలి. పీపీఎల్ మనసుపెట్టి చదివినవాడు ఆ తర్వాత ఏ కొత్త భాష ముట్టుకున్నా, ముందు ఆ చోటెక్కడో వెతుకుతాడు.