రాగి పలక మీద ముఖం: బరోక్ యుగపు ఎన్‌గ్రేవింగ్ చిత్రాలు

బరోక్ యుగపు ఎన్‌గ్రేవింగ్ అనగానే ముందుగా ప్రస్తావనకు వచ్చేది ఫ్రాన్స్‌కు చెందిన క్లోద్ మెలాన్ 1649లో చెక్కిన క్రీస్తు ముఖం. ముక్కు కొన దగ్గర మొదలై సుడి తిరుగుతూ సాగే ఒకే ఒక గీతతో ఆ బొమ్మ ఏర్పడింది. గీత లావైన చోట నీడ, సన్నబడిన చోట వెలుగు. అసాధారణమైన పనితనమే. అయితే మన చూపు ముఖాన్ని వదిలి గీత వెంట పరిగెడుతుంది. పైగా అది ఎదుట కూర్చున్న మనిషి ముఖం కాదు. ముఖచిత్రకళ దృష్టితో చూస్తే రొబేర్ నాంతూయ్ (1623-1678) పనికే పెద్దపీట వేయాలి.

ఎందుకో తెలియాలంటే పనిముట్టును గమనించాలి. బ్యూరిన్ అనే ఉక్కు ఉలిని అరచేతితో నెడుతూ రాగి పలకలో గాడి తీస్తారు. వంపు కావలసినప్పుడు పలకనే తిప్పుతారు. గాడుల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరచి రోలర్ల మధ్య నొక్కుతారు. అచ్చులో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. రంగు లేదు. చర్మమైనా పట్టుబట్టయినా గీతలతోనే చూపాలి. పడిన గీతను చెరపడం తేలిక కాదు.

ఆనాటి ఎన్‌గ్రేవర్లు ఎక్కువగా ఇతరుల వర్ణచిత్రాలను చూసి చెక్కేవారు. నాంతూయ్ తరచుగా మనిషిని ఎదుట కూర్చోబెట్టి, తాను గీసుకున్న బొమ్మ నుంచే చెక్కాడు. దుస్తులకు పొడవైన గీతలు వాడినా, బుగ్గల దగ్గరకు వచ్చేసరికి అవి పొట్టి గీతలుగా, చుక్కలుగా విడిపోతాయి. అందుకే అతని ముఖాల్లో చర్మం మెత్తగా కనిపిస్తుంది. 200కు పైగా చిత్రాలు చెక్కాడు. వాటిలో చాలావరకు అండాకారపు చట్రంలో తల, భుజాలు మాత్రమే ఉంటాయి. 1660లో లూయీ 14 జారీ చేసిన శాసనం ఎన్‌గ్రేవింగ్‌ను వృత్తిసంఘాల కట్టుబాట్ల నుంచి తప్పించి స్వేచ్ఛా కళగా గుర్తించింది. నాంతూయ్ పని చూస్తే ఆ గుర్తింపు న్యాయమే అనిపిస్తుంది.

తర్వాతి తరంలో పియేర్ ఆంబేర్ ద్రెవే 1723లో బిషప్ బొస్సుయే నిలువెత్తు చిత్రాన్ని చెక్కాడు. రిగో వర్ణచిత్రం దీనికి ఆధారం. బొస్సుయే చనిపోయి అప్పటికి 19 ఏళ్లు. లేసు, బొచ్చు, పట్టు వేటికవి విడిగా తెలుస్తాయి; తాకి చూడాలనిపిస్తుంది. హోదాను చూపడం కూడా అలాంటి చిత్రాల పనే కాబట్టి దుస్తుల మీద అంత శ్రద్ధ పెట్టడాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కాని ఈ చిత్రాన్నీ నాంతూయ్ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ దుస్తులను అరచేతితో మూసి చూడండి. నాంతూయ్ మనిషి ఇంకా మనల్ని చూస్తూనే ఉంటాడు.